పెద్ద రాట్నం వచ్చిన ఏడు

నేను మంచి కోడలినని మా బజారులో పేరు. ఆఖరి రోజుల్లో అత్తకు ఎంత సేవ చేసిందో అని ఇప్పటికీ ఎవరో ఒకరు నా ముందే అంటుంటారు. వినీ వినీ నా చెవులు మండుతున్నాయి. ఆ సేవ ఏమిటో, దానికి ముందు నేను చేసిన పని ఏమిటో ఒక్కసారి చెప్పేస్తే ఆ పీడ వదులుతుంది. విన్నాక నన్ను ఏమనుకుంటారో మీ ఇష్టం.

మా అత్తమ్మ పేరు సమ్మమ్మ. మా ఆయన సారంగపాణికి వరంగల్లు బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది, దుకాణం వెనకే ఇల్లు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అత్తమ్మ వర్ధన్నపేట అవతల ఒక పల్లెలో, చిన్న కిరాణా కొట్టు వాళ్లింట్లో పుట్టిన మనిషి. నేను హనుమకొండలో ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్లను. ఆమె నవ్వితే నాలుగిళ్లకు వినిపించేది. నేను నవ్వితే పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అనుమానమే. ఆమెలో నాకు నచ్చనివి చాలా ఉండేవి గానీ అన్నిటికంటే ఆ గొంతు నచ్చేది కాదు.

కొందరికి నగల పిచ్చి ఉంటుంది, కొందరికి భజనల పిచ్చి ఉంటుంది. మా అత్తమ్మకు రాట్నాల పిచ్చి. జాతరల్లో నాలుగు డబ్బాలు వేలాడదీసి మనుషులు చేత్తో తిప్పే కర్ర రాట్నం ఉంటుంది చూడండి, అది. దేవుడి దర్శనం అయిందో లేదో గానీ, రాట్నం ఎక్కకుండా ఆమె ఏ జాతర నుంచీ తిరిగి రాలేదు. మా ఆయన బిందెను వేలితో వాయించి, ఇది మంచిది, ఇది కల్తీ అని చెప్పినట్టే ఆమె రాట్నాల సంగతి చెప్పేది.

"ఐనవోలుది చూడనీకె బాగుంటది, ఊపు లేదు," అనేది. "కురివిల తిప్పేటోళ్లు వట్టి పిసినిగొట్టోళ్లు, పది చుట్లకే దించేస్తరు. రాట్నమంటే కొమ్మాలదే. కిందికి దిగేటప్పుడు కడుపుల జల్లుమంటది సూడు, గది గావాలె."

ఎక్కాక నోరు మూసుకొని కూర్చుంటే నాకూ బాధ లేకపోయేది. పైకి పోతుంటే ఐనవోలు మల్లన్నను పిలిచేది. కిందికి దిగుతుంటే గొంతు చించుకొని అరిచేది. మళ్లీ పైకి లేస్తుంటే పగలబడి నవ్వేది. కొంగు ఎటు ఎగిరిపోతున్నదో పట్టించుకునేది కాదు. పెద్ద రాట్నం రావడానికి ముందటి ఏడాది కొమ్మాల జాతరలో ఆమె అలా అరుస్తుంటే మా వీధి బట్టల దుకాణం వాళ్ల భార్య కళావతి కింద నిలబడి చూసింది. నెల తిరక్కముందే వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతమైతే వెళ్లాను. ప్రసాదాలయ్యాక కళావతి పదిమంది ఆడవాళ్ల మధ్య నిలబడి, చేతులు పైకెత్తి, కొంగు జారేసుకొని మా అత్తమ్మ అరుపు అచ్చు గుద్దినట్టు అరిచి చూపించింది. అందరూ పొట్ట పట్టుకొని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చొని ఏడ్చాను. అత్తమ్మ వచ్చి తలనొప్పా అని అడిగి, నుదుటికి శొంఠి అరగదీసి పట్టు వేసింది. ఆ శొంఠి మంటకు ఇంకా కోపం వచ్చింది నాకు.

ఇలా ఉన్న ఇంట్లోకి పెద్ద రాట్నం కబురు వచ్చిపడింది.

అది పందొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం, చలి తగ్గుముఖం పడుతున్న రోజులు. హైదరాబాదు నుమాయిష్ లాంటి ఎగ్జిబిషనే చిన్నది హనుమకొండ మైదానంలో పెడుతున్నారని, అందులో వరంగల్లు ఎన్నడూ చూడని జెయింట్‌వీల్ వస్తున్నదని మైకు కట్టిన రిక్షా ఒకటి ఊరంతా తిరిగింది. పసుపు పచ్చ కాగితాలు పంచింది. ఇక చూడండి, ఎక్కడ నలుగురు చేరినా అదే మాట. మా దుకాణానికి చెంబు కొనడానికి వచ్చినవాళ్లు చెంబు మరిచిపోయి రాట్నం మీద వాదులాడుకునేవాళ్లు. పన్నెండు డబ్బాలని ఒకరు, పదహారని ఒకరు. మనుషులు తిప్పేది కాదట, ఇంజను తిప్పుతుందట. పైకి పోయాక కాసేపు ఆపుతారట. అక్కడి నుంచి చూస్తే ఖిల్లా, భద్రకాళి చెరువు, కాజీపేట స్టేషన్లో నిలబడ్డ రైలు కూడా కనబడతాయట. నాగపూరులో ఒక పహిల్వాను దాన్ని ఎక్కి, దిగాక మూడు రోజులు మంచం పట్టాడట. ఇవన్నీ ఎవరు చూసొచ్చి చెప్పారో దేవుడికే ఎరుక.

అత్తమ్మకు చదువు రాదు. ఆ పసుపు కాగితం నాకిచ్చి చదవమనేది. చదివేదాన్ని. మధ్యాహ్నం మళ్లీ ఇచ్చేది.

"పొద్దుగాలనే చదివిన గద అత్తమ్మా."

"ఏమన్న ఇడిసిపెట్టినవేమో అని. ఎత్తు సంగతి మల్లోసారి చదువు."

రైలు స్టేషనులో రాట్నం ఇనుప చువ్వలు దిగుతున్నాయని తెలిస్తే జనం పనులు మానుకొని వెళ్లి చూశారు. మా ఆయన కూడా దుకాణం గుమాస్తాకు అప్పజెప్పి వెళ్లాడు. తిరిగొచ్చాక అత్తమ్మ ఆయనను కాళ్లు కడుక్కోనివ్వలేదు.

"చువ్వ ఎంత లావున్నదిరా?" అని అడిగింది.

"నా జబ్బంత ఉన్నదమ్మా."

"డబ్బాలకు తలుపులున్నయా, వట్టి గొలుసులేనా?"

"తలుపులే. గొళ్లెం గూడ ఉన్నది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "తలుపెందుకు, గొలుసైతెనే మంచిగుంటది. కాళ్లు బయటికి కనవడాలె," అని కాసేపు ఆలోచించి, "సరే తీయి, గంత ఎత్తుకు తలుపుండాలె కావచ్చు," అని తనే సర్దుకుంది. యాభై రెండేళ్ల మనిషి. ఆ రోజు నుంచి మిద్దె ఎక్కి, పిట్టగోడ పక్కన నిలబడి కిందికి చూడటం మొదలుపెట్టింది. కళ్లు తిరుగుతాయో లేదో చూసుకుంటున్నానని చెప్పింది. వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూస్తుంటే నాకు ప్రాణం పోయినట్టుండేది.

ఒక విషయం చెప్పాలి. దసరా పోయినప్పటి నుంచి ఆమెకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తుండేది. వచ్చినప్పుడు ముద్ద నోటికి పోయేది కాదు. మనిషి బాగా తగ్గిపోయింది. డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా దవాఖానలో చేర్చండి, కోసి చూడాల్సి ఉంటుంది అన్నాడు. మా ఆయన మర్నాడే చేరుద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"కడుపు కోసినంక నన్ను రాట్నం ఎవడెక్కనిస్తడు? ముందుగాల అది ఎక్కుత. దిగినంక మీరు యాడికి రమ్మంటె గాడికి వస్త. నా మాట మీద నమ్మకం లేదార?"

ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. "సరే అమ్మా, నుమాయిష్ మొదలైన్నాడే తీస్కపోత," అన్నాడు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. మొదలైన నాడే పోతే ఎలా? ఊళ్లో మగవాళ్లంతా అక్కడే ఉంటారు. దుకాణానికి వచ్చే ప్రతివాడూ అక్కడే ఉంటాడు. పల్లె జాతర సంగతి వేరు, అక్కడ ఎవరు ఎవరో తెలియదు. ఇక్కడ రాట్నం కింద నిలబడి తలెత్తి చూసేవాళ్లందరికీ ఇత్తడి దుకాణం సారంగపాణి తల్లి ఎవరో తెలుసు. నుమాయిష్‌లో ఒక రోజు జనానా రోజు ఉంటుంది. హైదరాబాదు పద్ధతే ఇక్కడా పెట్టారు. ఆ రోజు మగపురుగును లోపలికి రానివ్వరు. టికెట్లు ఇచ్చేది ఆడవాళ్లు, కాపలా ఆడవాళ్లు, దుకాణాల్లో కూర్చునేది కూడా ఆడవాళ్లే. మా బజారు ఆడవాళ్లంతా ఆ రోజే పోతారు.

"జనానా రోజునే పోదాం అత్తమ్మా," అన్నాను. "ఎవ్వరు చూడరు. ఎన్నిసార్లన్న ఎక్కొచ్చు."

ఎన్నిసార్లయినా అన్న మాట ఆమెను పట్టేసింది. "మంచి మాట చెప్పినవు బిడ్డా," అంది. జనానా రోజు నుమాయిష్ ముగిసే ముందు వచ్చే మంగళవారం. ఇరవై రోజులు ఆగాలి. అప్పుడప్పుడు పక్కటెముకల మీద చెయ్యి నొక్కి పట్టుకొని, "ఇంకెన్ని రోజులే?" అని అడిగేది. నేను లెక్కపెట్టి చెప్పేదాన్ని. ఇంతవరకు నేను చేసినదాంట్లో పెద్ద పాపమేమీ లేదని నాకు నేను చెప్పుకుంటాను.

నుమాయిష్ మొదలైంది. రాట్నం ఎక్కి వచ్చినవాళ్లు రోజూ మా అరుగు మీద కూర్చొని చెప్పేవాళ్లు, అత్తమ్మ లోపలి గడపలో కూర్చొని వినేది. ఒకడు అనుకున్నంత ఎత్తు లేదన్నాడు. గడపలోంచే వాడి మీద లేచింది. "నువ్వు కండ్లు మూసుకొని కూసున్నవు కావచ్చు. ఇంజను రాట్నం ఎత్తు లేకుంటెట్లుంటది?" అని. ఎక్కనిదాని మీద అంత ప్రేమ ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

మంగళవారం ఆరు రోజులు ఉందనగా బక్కమ్మ వచ్చింది. హసన్‌పర్తి నుంచి గంపలో తోటకూర, చుక్కకూర పెట్టుకొని మా వీధికి అమ్మవచ్చేది. అత్తమ్మ పెరట్లో స్నానం చేస్తున్నది. నేను గడపలో కూర్చొని ఆకులు ఏరుకుంటున్నాను.

"చిన్నమ్మా, మీరు రాట్నం ఎక్కనీకె పోతరంట గద. మంగళవారం మాత్రం పోకుండ్రి," అంది.

"ఎందుకు?"

"మా మరిది గట్టయ్య ఆ రాట్నం కాడనే పని చేస్తాండు. ఇంజను నడిపెటోడు, డబ్బాలు పట్టెటోళ్లు అందరు మొగోళ్లే. మంగళవారం మొగోళ్లు లోపల ఉండొద్దు గద. ఆ దినం రాట్నం తిరుగదు, మీకు సెలవు అని చెప్పిండ్రట. పెద్దమ్మకు జర చెప్పు. పాపం, మస్తు ఆశ పెట్టుకున్నది."

నుమాయిష్ కమిటీ వాళ్లు అన్నీ ఆలోచించారు. గాజుల దుకాణానికి ఆడమనిషి, మిర్చి బజ్జీలకు ఆడమనిషి, నీళ్ల కుండల దగ్గర కూడా ఆడమనిషి. ఇంజను తిప్పే ఆడమనిషి వరంగల్లులో లేదన్న సంగతి మాత్రం వాళ్లకు తట్టలేదు.

బక్కమ్మ గంప ఎత్తుకొని పోయింది. అత్తమ్మ తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుంటూ వచ్చి, "ఏమంటాంది బక్కమ్మ?" అని అడిగింది.

"చుక్కకూర లేతగున్నదట," అన్నాను.

ఎందుకు అలా అన్నానో నాకు బాగా తెలుసు. తెలియదని చెబితే అబద్ధం. నిజం చెబితే ఆమె ఆ సాయంత్రమే కొడుకును వెంటబెట్టుకొని పోతుంది. మగవాళ్లందరి ముందు, కళావతి మొగుడి ముందు, ఇంజను చప్పుడును మించి అరుస్తుంది. కళావతికి మరో వ్రతానికి సరిపడా సరుకు దొరుకుతుంది. చెప్పకపోతే మంగళవారం పోతాం, రాట్నం తిరగదు, ఎవరి తప్పూ కాదు, ఇంటికొస్తాం. అంతే అనుకున్నాను. ఆమె కడుపులో ఉన్నదేమిటో డాక్టరుకే సరిగా తెలియదు, నాకేం తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. ఆ ఆరు రోజుల్లో రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ వ్రతం నాటి నవ్వులు చెవిలో పడి నోరు మూసుకున్నాను.

మంగళవారం ఆమె పొద్దున నుంచి ఏమీ తినలేదు. తింటే పైన కడుపులో తిప్పుతుందని, మజ్జిగ మాత్రం తాగింది. నేత చీర కట్టుకుంది. నన్ను పిలిచి, "కొంగుకు రెండు పిన్నీసులు పెట్టు. ఇది పెద్దది గద, పైన గాలి జోరుగుంటది," అంది. పెట్టాను. రెండో పిన్నీసు ఆమె భుజానికి గుచ్చుకుంది. ఆమె నవ్వి, "నాకంటె నువ్వే ఎక్కువ భయపడుతానవు. ఏం కాదు, నా చెయ్యి పట్టుకొని కూసో," అంది.

రిక్షా దిగాక మైదానం గేటు దగ్గర మా ఆయన ఆగిపోయాడు. చుట్టూ గుడ్డ తెరలు కట్టారు. లోపల వేలమంది ఆడవాళ్లు. బురఖాలు ముఖాల మీది నుంచి వెనక్కి వేసుకున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, బడి పిల్లలు, అరిటి పండ్లు తింటూ నేల మీద కాళ్లు చాపుకొని కూర్చున్నవాళ్లు. అందరూ గట్టిగా మాట్లాడుతున్నారు, గట్టిగా నవ్వుతున్నారు. అక్కడ మా అత్తమ్మ గొంతు ఒక గొంతే కాదు. అది చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఈ జనంలో ఆమె ఎంత అరిచినా ఎవరికీ పట్టేది కాదు.

ఆమె ఏ దుకాణం వైపూ చూడలేదు. తెరల మీదుగా రాట్నం పై డబ్బాలు కనబడుతున్నాయి, వాటివైపే నడిచింది. నడక కాదు, పరుగే. పక్కటెముకల నొప్పి ఏమైందో మరి. "ఎర్రదాంట్ల కూసుందాం విజయా," అని వెనక్కి తిరిగి నాకు కేకేసింది. దగ్గరికి పోయాక ఆగింది.

రాట్నం చుట్టూ తాడు కట్టి ఉంది. ఇంజను మీద గోనె సంచులు కప్పారు. ముందు వందమందికి పైగా ఆడవాళ్లు గుంపుగా నిలబడి గొణుగుతున్నారు. బ్యాడ్జీ పెట్టుకున్న కాలేజీ పిల్ల ఒకతి వచ్చినవాళ్లకల్లా అదే మాట చెబుతున్నది. "ఇంజన్ నడిపేవాళ్లు మగవాళ్లమ్మా, ఇయ్యాల లోపలికి రావద్దు. మీరందరు రేపు రండి."

"రేపు మా ఇంటాయన పంపిస్తడా? నువ్వు అడిగిపెడతవా?" అని ఎవరో ఆమె మీద మండిపడ్డారు. కూలి పనికి పోయే ఆడవాళ్లు కొందరు చీరలు దోపుకొని, మేమే తిప్పుతాం, మాకు బలం లేదా అని చక్రం పట్టుకొని నెట్టారు. మూరెడు కదిలి మళ్లీ వెనక్కి వచ్చింది. కాలేజీ పిల్ల ఏడుపు మొహంతో వద్దని బతిమాలింది.

అత్తమ్మ తాడు కింది నుంచి వంగి లోపలికి పోయింది. అన్నిటికంటే కింద ఆగి ఉన్నది నీలం డబ్బా. తలుపు తీసి అందులో కూర్చుంది. తలుపు వేసుకుంది, గొళ్లెం పెట్టుకుంది. తలెత్తి పైన ఉన్న డబ్బాలను ఒక్కొక్కటే చూసింది.

"కూసో విజయా," అని పక్కన చోటు చూపించింది.

నేను కూర్చోలేదు. జనంలో కళావతి ఉంది, ఆమె చెల్లెళ్లు ఉన్నారు. తిరగని రాట్నంలో కూర్చున్న అత్తాకోడళ్ల కథ ఆ సాయంత్రానికే బజారంతా పాకుతుందని తోచింది. "దిగు అత్తమ్మా, అందరు చూస్తాండ్రు," అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆమె ఇంకాసేపు కూర్చుంది. డబ్బా అంచు పట్టుకొని తనే అటూ ఇటూ ఊపుకుంది. తర్వాత దిగింది.

తాడు దాటి వచ్చాక నా మొహం చూసి గడ్డం పట్టుకుంది. నా మొహంలో ఏమి కనిపించిందో ఏమో. "ఏందే గట్ల చిన్నబోయినవు? నువ్వు గూడ మస్తు ఆశ పడ్డవు గద బిడ్డా. రేపుంది, ఎల్లుండుంది. ఫికర్ చేయకు," అంది. నన్ను ఓదార్చి, గాజుల దుకాణానికి తీసుకుపోయి నా చేతులకు ఎర్ర గాజులు వేయించింది. నేను చేతులు చాపాను. ఆ గాజులు ఎందుకు వద్దనలేదో ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

బయట మా ఆయన సంగతి విని నా మీద ఎగిరాడు. "జనానా రోజు, జనానా రోజు అని నువ్వేగా తలకాయ తిన్నది?" అన్నాడు.

"దాన్నేమనకు. దానికేమెరుక?" అని అత్తమ్మ అడ్డం వచ్చింది. "రేపు పొద్దున నువ్వు దుకాణం తెరువకు. ముగ్గురం పోదాం."

తెల్లవారి ఆమె లేవలేదు. నొప్పి అంతకు ముందెన్నడూ రానంతగా వచ్చింది. మంచం మీద ముడుచుకొని పడి ఉంటే రిక్షాలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాం. డాక్టర్లు చూశారు, కడుపు ఫోటో తీశారు. మా ఆయనను పక్కకు పిలిచి, కోసినా లాభం లేదు, చాలా ముదిరింది అని చెప్పారు. నుమాయిష్ ఆ మర్నాడు ముగిసింది. మూడో రోజు రాట్నం విప్పి, చువ్వలు రైలుకెక్కించి ఇంకో ఊరికి తీసుకుపోయారు. ఆమె అడిగితే మా ఆయన చెప్పాడు. "వచ్చే ఏడు మల్ల వస్తదట అమ్మా," అన్నాడు. ఆమె సరేనని తలూపింది.

పగలు దుకాణం ఆయన చూసుకునేవాడు, దవాఖానలో నేను ఉండేదాన్ని. వారం పోయాక ఒక మధ్యాహ్నం బక్కమ్మ వచ్చింది. గంప వార్డు బయట దించి, కొంగున కట్టుకొచ్చిన రేగుపండ్లు మంచం మీద పెట్టింది. ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. తర్వాత, పాపం దాని మనసులో ఏ కల్మషమూ లేదు, ఇలా అంది.

"మంగళవారం రాట్నం తిరుగదని చిన్నమ్మతోని నేను ముందుగాలనే చెప్పిన గద పెద్దమ్మా. అయినా ఆన్నాడే ఎందుకు పోతిరి? ముందటి దినం పోతె ఎక్కుదురు గద."

నా చేతిలో గంజి గిన్నె ఉంది. అత్తమ్మ నా వైపు చూడలేదు. బక్కమ్మనే చూస్తూ, ఆపకుండా వెంటనే అంది.

"చెప్పింది బక్కమ్మా. ఆన్నాడే నాకు చెప్పింది. నేనే ఇనలే. తిరుగకుంటె మానె, ఊకె చూసొద్దాం పా అని నేనే దీన్ని గుంజుకపోయిన."

"గట్లనా," అంది బక్కమ్మ. ఇంకాసేపు కూర్చొని, మందులు సరిగా మింగమని చెప్పి పోయింది.

అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను గిన్నె పట్టుకొని నిలబడే ఉన్నాను. ఇటు తిరగకుండానే అడిగింది.

"నేను గంత ఆగం చేస్తనా బిడ్డా, పైకి పోతే?"

నేను గిన్నె మంచం పక్కన పెట్టాను. కళావతి పేరు చెప్పలేదు, ఏ పేరూ చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఒక్క మాట చెప్తే అయిపోవు. అరువకుండ కూసుందును గద," అంది.

కాళ్ల మీద పడ్డాను. తప్పయింది అత్తమ్మా అన్నాను. లే, ఎవరన్నా చూస్తే బాగుండదు అని లేపింది. గంజి తాగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నా మీద కోపం చూపిస్తే బాగుండేది, ఒక తిట్టు తిడితే బాగుండేది. తలకు నూనె రాయించుకుంది, నా చేతి నీళ్లు తాగింది, చూడ్డానికి వచ్చినవాళ్లకు నా కోడలు బంగారం అని చెప్పింది. మంచి కోడలినన్న పేరు నాకు అక్కడే వచ్చింది, ఆమె నోటి నుంచే.

ఆ తర్వాత ఆమె తొమ్మిది రోజులు ఉంది. రోజూ మధ్యాహ్నం నొప్పి వచ్చేది. అది ఆడవాళ్ల వార్డు, నొప్పులకు అందరూ అరిచేవాళ్లు. అమ్మా అని, నాయనా అని, దేవుళ్లను తిడుతూ, మొగుళ్లను తిడుతూ అరిచేవాళ్లు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవాళ్లు కాదు. మా అత్తమ్మ మాత్రం కొంగు ఉండ చుట్టి నోట్లో పెట్టుకునేది. మెడ నరాలు ఉబ్బిపోయేవి, కళ్లల్లోంచి నీళ్లు కారిపోయేవి, గొంతులోంచి చప్పుడు వచ్చేది కాదు. ఇంత నొప్పి ఇంత నిమ్మళంగా ఓర్చుకునే మనిషిని నేను చూడలేదు అని సిస్టరు నాతో మెచ్చుకోలుగా చెప్పింది.

నేను ఆమె చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలేదాన్ని. "అరువు అత్తమ్మా. అందరు అరుస్తాండ్రు, నువ్వు గూడ అరువు. నేనేమనుకోను. నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి అరువు."

ఆమె కొంగు నోట్లోంచి తీసి, పక్క మంచాల వైపు చూసి, "వద్దు బిడ్డా, అందరు ఇంటరు," అని మళ్లీ నోట్లో పెట్టుకునేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయింది. అప్పుడు కూడా అరవలేదు.